బొమ్మ మీద నేత

ఏదైనా వార్తాపత్రికలో అచ్చయిన మనిషి ఫోటో మీద భూతద్దం పెట్టి చూడండి. ముఖం కనిపించదు. కన్ను, ముక్కు, చీర అంచు అన్నీ కరిగిపోయి చుక్కలు మిగులుతాయి. నీలం, గులాబీ, పసుపు, నలుపు. నీడ ఉన్నచోట చుక్కలు లావెక్కి ఒకదానికొకటి అంటుకుపోతాయి. వెలుగు పడినచోట సన్నబడి, మధ్యలోంచి కాగితం తెల్లదనం బయటపడుతుంది. భూతద్దం తీసి చేతిదూరంలో పట్టుకుంటే మళ్లీ మనిషి ప్రత్యక్షం. వార్తాపత్రికల కాగితం మీద మామూలుగా అంగుళానికి 85 నుంచి 100 వరుసల చుక్కలు వేస్తారు. 85 అనుకున్నా, ఒక్క రంగుకే చదరపు అంగుళంలో 7,225 చుక్కలకు చోటుంటుంది.

ఇప్పుడు ఫోన్‌లో ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు, ఫోటో మీదికి చుక్కలొస్తాయి, గీతలొస్తాయి, గళ్లొస్తాయి, పాత ఫిల్మ్ గరుకుదనం వస్తుంది. పెళ్లి ఆల్బమ్ షీట్ల మీద లతలు, యూట్యూబ్ థంబ్‌నెయిల్ వెనక గీతల జాలీ, పోస్టర్ల మీద పాతకాలపు అచ్చు చుక్కలు, ఫ్లెక్సీల మీద బంగారు పూలు. ఎటు చూసినా ఫోటో మీద ఏదో ఒక అల్లిక. స్టూడియోల్లో దీన్ని ‘టెక్స్చర్ వేయడం’, ‘ప్యాటర్న్ వేయడం’ అంటారు. చాలామంది లెక్కలో ఇది చివర్లో అద్దే మెరుగు. కానీ దీని పుట్టుక వేరు. ఫోటోను పదిమందికీ చూపించడానికి ఇంకో దారి లేక, ఒకప్పుడు దాని మీద అల్లిక పరిచారు. బొమ్మను చూపించడమే దాని పని. ఆ సంగతి తెలిసి చేసిన డిజైన్‌కీ, తెలియక చేసిన డిజైన్‌కీ తేడా మొదటి చూపులోనే దొరికిపోతుంది.

తొలి తెర గుడ్డే

అచ్చు యంత్రానికి రెండే తెలుసు. సిరా ఉండటం, లేకపోవడం. మధ్యలో బూడిద రంగంటూ ఏదీ దానికి తెలియదు. ఫోటోలో ఉండేదంతా ఆ మధ్య రంగులే. అందుకే ఫోటోగ్రఫీ పుట్టిన చాలా ఏళ్ల వరకు పత్రికల్లో ఫోటో అచ్చు కాలేదు. ఫోటో చూసి చిత్రకారుడు గీస్తే, ఆ గీతను చెక్క మీద చెక్కి అచ్చేసేవారు.

ఇంగ్లండ్‌లో ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1852లో ఒక పేటెంటు తీసుకున్నారు. ఫోటోకీ, లోహపు పలకకీ మధ్య పల్చటి నల్ల గుడ్డను అడ్డుపెట్టి వెలుగును పలక మీదికి పంపడం అందులోని ఉపాయం. గుడ్డ పోగుల మధ్య ఖాళీల్లోంచి వెలుగు ముక్కలు ముక్కలుగా పడుతుంది. నున్నగా సాగే నీడలన్నీ ఆ నేత ప్రకారం చిన్న చిన్న గళ్లుగా విడిపోతాయి. ఫోటో మీద మనిషి తెలిసి పరిచిన తొలి అల్లికల్లో అదొకటి. అది నిజంగానే బట్ట! నేత నేలల్లో పుట్టి పెరిగిన మనకు ఈ ముక్క తెలియాల్సినంతగా తెలియదు.

1880 మార్చి 4న న్యూయార్క్‌లో ‘డైలీ గ్రాఫిక్’ అనే దినపత్రిక పేదల గుడిసెల వాడ ఫోటోను ఇలాంటి తెర పద్ధతిలోనే, చేత్తో మళ్లీ గీయించకుండా అచ్చేసింది. స్టీఫెన్ హోర్గన్ చేసిన పని అది. రెండేళ్ల తర్వాత మ్యూనిక్‌లో గియోర్గ్ మైజెన్‌బాక్ తన పద్ధతికి పేటెంటు తెచ్చుకున్నారు. 1890ల తొలినాళ్లలో ఫిలడెల్ఫియాలోని లెవీ సోదరులు గాజు పలకల మీద సన్నని గీతలు చెక్కి, వాటిలో నలుపు నింపి, రెండు పలకల్ని అడ్డంగా నిలువుగా అతికించి తెరలు తయారుచేశారు. గుడ్డ పోయి గాజు వచ్చింది. అల్లిక మాత్రం అదే, నిలువు పోగు, అడ్డ పోగు.

ఈ విద్యలో మన దేశం వెనకబడి లేదు. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి పేరు పిల్లల కథల రచయితగా, సత్యజిత్ రాయ్ తాతగారిగా చాలామందికి తెలుసు. ఆయన ఈ చుక్కల గణితాన్ని శోధించిన మనిషి కూడా. 1895లో సొంతంగా బ్లాకుల తయారీ సంస్థ పెట్టారు. తెరకూ పలకకూ మధ్య ఎంత దూరం ఉండాలి, కటకం రంధ్రం ఏ ఆకారంలో ఉంటే చుక్క ఎలా మారుతుంది అన్న ప్రశ్నల మీద లండన్‌లో వెలువడే ‘పెన్‌రోజ్ యాన్యువల్’లో 1897 మొదలు పదిహేనేళ్ల పాటు వ్యాసాలు రాశారు. ఆయన కొడుకు సుకుమార్ రాయ్ 1911లో ఇంగ్లండ్ వెళ్లింది కూడా అచ్చు విద్య నేర్చుకోవడానికే. చుక్కల వెనక ఇంత చదువుందని తెలిశాక, ఈ చుక్కలనే వేసే ‘హాఫ్‌టోన్ ఎఫెక్ట్’ అన్న బటన్ మీద వేలు పెట్టేటప్పుడు కాస్త గౌరవం కలుగుతుంది.

కంప్యూటర్లు వచ్చాక అల్లిక తెర మీదికెక్కింది. 1990లో థామస్ నాల్, జాన్ నాల్ సోదరుల ఫోటోషాప్ బయటికొచ్చింది. 1994లో దాని 3.0 రూపంతో లేయర్లు వచ్చాయి. ఫోటో ఒక పొర, నమూనా ఒక పొర, రెంటికీ మధ్య లెక్క. 2000లో వచ్చిన 6.0లో ‘ప్యాటర్న్ ఓవర్‌లే’ పేరుతోనే ఒక అమరిక చేరింది. డబ్బు పెట్టలేనివాళ్లకు గింప్ ఉంది, అది ఉచితం. ఇన్‌స్టాల్ చేసే అవసరం కూడా లేకుండా బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఫోటోపియా ఉంది. ఇక్కడ చెప్పబోయే పనులన్నీ ఈ మూడింట్లోనూ ఏదో ఒక దారిన చేసుకోవచ్చు.

ఇంకొక మాట చెప్పి ముందుకెళ్దాం. మనం అల్లిక వేయకపోయినా, డిజిటల్ ఫోటోలో అది ముందే ఉంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1970ల్లో ఒక రంగుల గడిని రూపొందించారు. నాలుగేసి గళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. 1976లో దానికి పేటెంటు వచ్చింది. నేటి ఫోన్ కెమెరాల్లో చాలావాటి సెన్సర్ లోకాన్ని చూసేది ఆ గళ్లలోంచో, వాటి వారసుల్లోంచో. ఒక్కో గడి ఒక్క రంగునే పట్టుకుంటుంది. మిగతా రెండు రంగుల్ని పక్క గళ్లను అడిగి సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. పట్టేటప్పుడు గళ్లు, అచ్చేసేటప్పుడు చుక్కలు. ఈ రెంటికీ నడుమ మనం వేసే మూడో అల్లిక వాటితో పేచీ పడకుండా ఉండాలి.

పెళ్లికూతురి చెంప మీద ఆకులు

ఆల్బమ్ డ్రాఫ్టు చూసుకోవడానికి వచ్చిన పెళ్లికూతురి తల్లికీ, స్టూడియోలో డిజైన్ చేసే కుర్రాడికీ మధ్య ఇలాంటి సంభాషణ ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది.

“బాబూ, అమ్మాయి చెంప మీద ఈ ఆకులేంటి నాయనా?”

“అది డిజైన్ అండీ. ఇప్పుడందరూ ఇలాగే చేయించుకుంటున్నారు.”

“చేయించుకోనీ. ఆకులు వెనకాల గోడ మీద ఉంచు, పిల్ల ముఖం మీద మాత్రం వద్దు. అయినా అబ్బాయి తెల్ల చొక్కా మీద లేవేం? దీని ముఖం మీదే ఎందుకున్నాయి?”

ఆ తల్లి అడిగిన ఆఖరి ప్రశ్న చాలా విలువైనది. ఆకుల్ని కుర్రాడు షీటు మొత్తానికీ ఒకేలా వేశాడు. పెళ్లికొడుకు చొక్కా మీద కనబడలేదు, పెళ్లికూతురి నల్లటి జడ మీద కనబడలేదు, ముఖం మీద మాత్రం కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. ఇది లెక్క చేసిన పని.

కంప్యూటర్‌కు వెలుగంటే 0 నుంచి 255 వరకు ఉండే అంకె. 0 కటిక నలుపు, 255 పూర్తి తెలుపు. రెండు పొరలు కలిసేటప్పుడు పై అంకెనూ కింది అంకెనూ ఏ సూత్రంతో కలపాలో చెప్పేదే బ్లెండ్ మోడ్. ‘మల్టిప్లై’ పెడితే రెంటినీ గుణించి 255తో భాగిస్తుంది. ఫలితం ఎప్పుడూ ముదురుతుంది. తెల్లటి చోట నమూనా ఉన్నదున్నట్టు దిగిపోతుంది, నల్లటి చోట మాయమవుతుంది. ‘స్క్రీన్’ దీనికి తలకిందులు. ‘ఓవర్‌లే’ ఈ రెంటినీ కలుపుకున్నది. కింద ఉన్న ఫోటో చీకటిగా ఉంటే మల్టిప్లై లాగా, వెలుగుగా ఉంటే స్క్రీన్ లాగా నడుచుకుంటుంది.

మన ఆల్బమ్ షీటులో ఆకు విలువ 90, ఆకు చుట్టూ ఉన్న ఖాళీ 165 అనుకోండి. చొక్కా తెలుపు 245. ఓవర్‌లే లెక్క వేస్తే ఆకు కింద అది 242, పక్కన 248 అవుతుంది. తేడా ఆరు. కంటికి ఆనదు. జడ నలుపు 15. ఆకు కింద 11, పక్కన 19. అదీ ఆనదు. చెంప మాత్రం మధ్య రంగు, 150. ఆకు కింద అది 119కి పడిపోతుంది, ఆకు పక్కన 181కి లేస్తుంది. నున్నగా ఒకే తీరుగా ఉన్న చెంప మీద 62 అంకెల తేడా! చామనచాయ నుంచి గోధుమ వన్నె దాకా మన ఒంటి రంగులు ఫోటోలో ఎక్కువగా పడేది ఈ మధ్య అంకెల్లోనే. ఓవర్‌లే తన ప్రతాపమంతా చూపేదీ అక్కడే. చూసేవాళ్ల కళ్లు ముందుగా వెళ్లేది కూడా ముఖం మీదికే. కష్టపడి మేకప్ వేయించుకుని, లైట్లు పెట్టించుకుని తీయించుకున్న ఫోటోలో సరిగ్గా చెడకూడని చోటే చెడుతుంది.

కాబట్టి ఓవర్‌లే వేసిన పొరకు మాస్క్ తప్పనిసరి. సబ్జెక్ట్‌ను ఎంచుకుని, మాస్క్‌లో ముఖం, మెడ, చేతులు నల్లగా నింపి (నల్లగా ఉన్నచోట నమూనా దాగుతుంది), అంచుల్ని మెత్తబరచాలి. అంచు కత్తిరించినట్టుంటే మనిషిని అట్టముక్క మీద అతికించినట్టుంటుంది. పూర్తి నలుపుకు బదులు ముదురు బూడిద వాడితే నమూనా జాడ కొంచెం మిగిలి, మనిషీ వెనకటి గోడా ఒకే గాలిలో ఉన్నట్టనిపిస్తారు. నమూనా పొర ఒపాసిటీ 15 శాతం దాటాలంటే గట్టి కారణం ఉండాలన్నది నా మాట. ఇది కొందరు డిజైనర్లకు నచ్చకపోవచ్చు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఆల్బమ్ తెరిచే పిల్లలు చూసుకునేది అమ్మ ముఖం. ఆ ముఖం దక్కడం కంటే ఏ డిజైనూ ముఖ్యం కాదు.

ముఖం మీద చుక్కలు వేయడమే తప్పని అనడం లేదు. అమెరికన్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ 1960ల్లో కామిక్ పుస్తకాల అచ్చు చుక్కల్ని నిలువెత్తు చిత్రాల్లోకి తెచ్చారు. ఆ చిత్రాల్లో చుక్కలే విషయం, ముఖం సాకు. పోస్టరుకు అది చెల్లుతుంది. పెళ్లి ఫోటోలో విషయం ముఖమే.

పుట్టపాక గళ్లు, పెడన అచ్చులు

ఆల్బమ్ డిజైన్లకు వాడే నమూనాల్లో చాలావరకు ఎక్కడివో తెలియని పీఎస్‌డీ ఫైళ్లు. హార్డ్‌డిస్క్ నుంచి హార్డ్‌డిస్క్‌కు, పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు తిరుగుతుంటాయి. యూరప్ రాజభవనాల గోడ కాగితాల మీద ఉండే లతలు మన అరటి పందిరి వెనక వచ్చి కూర్చుంటాయి. అవి అందంగా లేవని కాదు, ఆ పెళ్లికీ వాటికీ చుట్టరికం లేదు. అదే ఫోటోలో పెళ్లికూతురు కట్టుకున్న పట్టుచీర అంచులో, తలంబ్రాల పళ్లెం కింద పరిచిన గుడ్డలో, వాకిట్లో వేసిన చుక్కల ముగ్గులో కావలసినన్ని నమూనాలు కళ్లెదురుగా ఉంటాయి. వాటిని వాడుకోవడం కష్టమూ కాదు.

యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక నేసే తేలియా రుమాల్‌నే తీసుకుందాం. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీరాల ప్రాంతానికీ ఈ నేతతో పాత అనుబంధం ఉంది. నూలును నూనె పట్టించి సిద్ధం చేస్తారు, సంప్రదాయ రంగులు ఎరుపు, నలుపు, తెలుపు. నేయకముందే పోగుల్ని కట్టలుగా కట్టి, రంగు అంటకూడని చోట బిగించి ముడివేసి అద్దకం చేస్తారు. అలా రంగులద్దిన పోగుల్ని మగ్గం మీద కలిపినప్పుడు గడి లోపల గడిగా బొమ్మ పొడుచుకొస్తుంది. ముడి కిందికి రంగు కొద్దిగా పాకుతుంది, పడుగూ పేకా వెంట్రుకవాసి జరుగుతాయి. అందుకే ఈ పద్ధతిలో, అంటే ఇక్కత్‌లో, నేసిన బొమ్మకు గీసినట్టు గట్టి అంచుండదు, ఈకల్లాంటి అంచు ఉంటుంది. ఫోటో మీద అల్లికగా ఇది ఇంత బాగా ఒదగడానికి కారణం ఆ అంచే. కంప్యూటర్‌లో గీసిన గళ్లు ఫోటో మీద కంచె వేసినట్టు నిలబడతాయి. ఇక్కత్ గళ్లు ఫోటోలోకి ఇంకుతాయి.

రుమాల్‌ను ముడతల్లేకుండా పరిచి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఫోన్‌ను సరిగ్గా పైనుంచి పట్టుకుని ఫోటో తీయండి. మరీ దగ్గరికి వెళ్లకుండా కొంచెం ఎత్తునుంచి జూమ్ చేసి తీస్తే గీతలు వంగవు. కంప్యూటర్‌లో దాన్ని నిటారుగా సరిచేసి, రంగు తీసేసి నలుపు తెలుపు చేయండి. ఆ తర్వాత ‘హై పాస్’ ఫిల్టరు. ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉండే తేడాను ఇది తుడిచేసి, బొమ్మ మొత్తాన్ని 128 అనే నడిమి బూడిద చుట్టూ నిలబెడుతుంది. ఈ 128 దగ్గరే కిటుకంతా ఉంది. ఓవర్‌లేలో 128 విలువున్న చోట కింది ఫోటో ఉన్నదున్నట్టే ఉంటుంది. సగటు 128 దగ్గర ఉన్న నమూనాను వేస్తే మొత్తం మీద ఫోటో ముదరదు, వెలిసిపోదు. అల్లిక మాత్రమే తెలుస్తుంది. టెక్స్చర్ వేయగానే ఫోటో మసకబారిందని స్టూడియోల్లో వినే ఫిర్యాదుకు చాలాసార్లు మందు ఈ ఒక్క అడుగే.

ఇక ముక్క కత్తిరించాలి. ఒక్క గడిని కత్తిరించి దాన్నే వరసగా పేర్చాలని అందరికీ అనిపిస్తుంది. అలా చేయకండి. చేనేతలో ఏ రెండు గళ్లూ అచ్చం ఒకేలా ఉండవు. ఒకదాని వెడల్పు ఒక పోగు ఎక్కువ, ఇంకొకటి ఒక మూల కాస్త ఒరిగి ఉంటుంది. ఒక్కదాన్నే వందసార్లు పేరిస్తే ఆ ఒరిగిన మూల వందసార్లు కనబడి లోపమైపోతుంది, నేత కాస్తా టైల్స్ నేలవుతుంది. అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లున్న పెద్ద ముక్క తీసుకుంటే చేతిపని తేడాలు ముక్కలోనే ఇమిడిపోతాయి, కన్ను వాటిని లెక్కపెట్టదు.

ముక్కల అతుకు కనబడకూడదు. ముక్క 1,200 పిక్సెళ్ల చదరం అయితే, ‘ఆఫ్‌సెట్’ ఫిల్టరులో అడ్డం 600, నిలువు 600 ఇచ్చి, చుట్టి తిప్పే ఎంపిక పెట్టండి. నాలుగు అంచులూ మధ్యకొచ్చి ప్లస్ గుర్తులా కలుస్తాయి. అతుకు ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది. క్లోన్ బ్రష్‌తో దాన్ని నయం చేసి, నమూనాగా నిర్వచించుకుంటే సరి. గింప్‌లో ఈ తంటా లేకుండా అతుకులు కలిపే ఫిల్టరు ఉంది గానీ, అది పైనున్న బొమ్మను కిందున్న బొమ్మతో కలిపేస్తుంది. ఆకులకు, రాళ్లకు బాగుంటుంది. గళ్ల గుడ్డకు అది పనికిరాదు, గడి మీద గడి ఎక్కుతుంది.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అచ్చు వేసేవాళ్లు ఈ అతుకు లెక్కను కంప్యూటర్ల కంటే ఎంతో ముందే సాధించారు. టేకు చెక్క మీద లతను చెక్కేటప్పుడే, కుడి అంచులో తెగిన కొమ్మ ఎడమ అంచులో అదే ఎత్తున మొదలవ్వాలి. పైన సగమైన పువ్వు కింద మిగతా సగమవ్వాలి. అలా చెక్కితేనే బల్ల మీద పరిచిన గుడ్డ ఈ చివరి నుంచి ఆ చివరికి తెగని తీగ పారుతుంది. అచ్చు పక్కన అచ్చు వేస్తూ పోయే ఆ చేతికి, కంటికి ఉన్న తర్ఫీదు ఆఫ్‌సెట్ ఫిల్టరులో ఉన్న లెక్కే. పెడన అచ్చు నుంచి నమూనా చేసుకునేవారికి అందుకే పని సులువు. ముక్క ఎక్కడ కత్తిరించాలో అచ్చు అంచే చెబుతుంది. అచ్చుకూ అచ్చుకూ మధ్య రంగు ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా పడుతుంది కదా, దాన్ని సరిచేయకండి. ఆ హెచ్చుతగ్గులు పోతే మిగిలేది దుకాణంలో దొరికే స్టిక్కరు.

గోడ మీదో, బట్ట మీదో నమూనా పడితే అది అక్కడి మడతల్ని అనుసరించాలి. లేకపోతే గాజు మీద అతికించినట్టు తేలుతుంది. దీనికి ‘డిస్‌ప్లేస్’ ఫిల్టరు ఉంది. మూల ఫోటోను నలుపు తెలుపు చేసి, కొద్దిగా మసకబరచి, విడిగా పీఎస్‌డీగా దాచుకుని, దాని ప్రకారం నమూనాను జరపమని చెప్పాలి. వెలుగున్న చోట ఒక వైపుకు, నీడున్న చోట మరో వైపుకు నమూనా జరుగుతుంది. ఇక్కడా 128 దగ్గర కదలిక ఉండదు. అంకెలు ఐదూ పదీ మించకుండా మొదలుపెట్టి చూసుకోండి.

తెర మీద బాగుండి, కాగితం మీద చెడి

ఆల్బమ్‌ల్లో తరచూ వాడే 12×36 అంగుళాల షీటును అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున చేస్తే అది 3,600×10,800 పిక్సెళ్లు. మానిటర్ మీద షీటు మొత్తం కనబడేలా కుదించి చూస్తూ డిజైన్ చేస్తాం. అక్కడ అందంగా కనబడ్డ రెండు పిక్సెళ్ల గీత అచ్చులో 0.17 మిల్లీమీటర్లు. చేతిదూరంలో అది గీతగా కనబడదు, ఫోటో మీద మురికిలా కనబడుతుంది. ఇన్‌స్టాగ్రామ్ కోసం చేసిన నమూనాను ఆల్బమ్‌కు అలాగే వాడేస్తే జరిగేది ఇదే. నమూనా కొలత పిక్సెళ్లలో కాదు, మిల్లీమీటర్లలో ఆలోచించాలి. షీటులోంచి అరచేతి వెడల్పు ముక్కను అసలు సైజులో అచ్చేయించి చూసుకుంటే ఖర్చు చాలా తక్కువ, తప్పే నష్టం చాలా ఎక్కువ.

పత్రికకు, పెళ్లిపత్రికకు, కరపత్రానికి ఆఫ్‌సెట్ యంత్రం మీద అచ్చేసేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. మనం వేసిన సన్నని గీతలు, యంత్రం వేసే చుక్కల వరుసలు ఒకదానితో ఒకటి తలపడి, రెంట్లోనూ లేని మూడో చారలు పుడతాయి. అచ్చు పనివాళ్లు మోయిరే అనేది దీన్నే. సన్నచారల చొక్కా వేసుకున్న మనిషి టీవీలో కనబడితే చొక్కా మీద అలలు పారినట్టుంటుంది చూడండి, అదీ ఇదే. లెక్క తేలిక. అంగుళానికి 75 గీతల నమూనాను, 85 వరుసల చుక్కలతో అదే కోణంలో అచ్చేస్తే తేడా పది. అంగుళానికి పది చారలు, అంటే రెండున్నర మిల్లీమీటర్లకొక చార. నాలుగు రంగుల తెరలు తమలో తాము తలపడకుండా ఉండటానికే అచ్చులో ఒక్కో రంగును ఒక్కో కోణంలో తిప్పుతారు. అన్నిటికన్నా కొట్టొచ్చే నలుపును 45 డిగ్రీలకు పెడతారు, ఏటవాలు గీతల్ని కన్ను అంతగా పట్టించుకోదు కాబట్టి. వెలవెలబోయే పసుపుకు మిగిలిన సున్నా కోణం. ఈ సర్దుబాటులో మన నమూనా ఐదో మనిషిగా దూరుతుంది. దినపత్రిక కాగితానికైతే అంగుళానికి 20 గీతలకు మించని ముతక నమూనా ఎంచుకోవడం మేలు. పెడన లతలు, పుట్టపాక గళ్లు ఇక్కడా గట్టెక్కిస్తాయి.

ఫోన్‌లో పంపుకునే ఫోటోలకు వేరే గండం. జేపెగ్ పద్ధతి ఫోటోను ఎనిమిదేసి పిక్సెళ్ల చదరాలుగా కోసి, ఒక్కో చదరంలో నిదానంగా మారే వెలుగును ఉంచుకుని, చకచకా మారే వివరాన్ని ముందుగా వదిలేస్తుంది. దీనికి మూలమైన గణితాన్ని 1974లో ప్రచురించిన ముగ్గురిలో నాసిర్ అహ్మద్, నటరాజన్‌తో పాటు కామిశెట్టి రామమోహనరావు ఒకరు. కె.ఆర్.రావుగా ఇంజినీరింగ్ లోకానికి సుపరిచితుడైన ఈయన ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. మనం రోజూ పంపుకునే ప్రతి శుభాకాంక్షల ఫోటోలో ఆ ముగ్గురి కష్టం ఉంది. మరి సన్నని చుక్కల అల్లిక అంటేనే చకచకా మారే వివరం. దాన్ని ఆ పద్ధతి నలిపేస్తుంది, చుక్కల చుట్టూ మసి చేరుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే ఈ నలుగుడు తప్పుతుంది.

కొన్ని ఇళ్లలో దీనికి తలకిందుల సమస్య ఉంటుంది. తాతయ్యల ఫోటోలు కొన్ని గరుకు కాగితం మీద, తేనెపట్టు గళ్లలాంటి నొక్కులతో ఉంటాయి. స్కాన్ చేస్తే ముఖం నిండా తెల్ల చుక్కలు. ఇక్కడ అల్లికను తీయాలి. ఆ ఫోటోను ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా స్కాన్ చేయండి. రెండోదాన్ని కంప్యూటర్‌లో తిప్పి, మొదటిదాని మీద సరిగ్గా కూర్చోబెట్టి, సగం ఒపాసిటీ ఇవ్వండి. స్కానర్ వెలుగు ఒక పక్క నుంచి పడటం వల్ల ఏర్పడిన మెరుపులు రెండింట్లో ఎదురెదురు వైపుల ఉంటాయి, కలిస్తే చాలావరకు తగ్గిపోతాయి. మిగిలినదానికి ఫూరియర్ పద్ధతి ఉంది. ఫోటోను అలల పటంగా మారిస్తే, పదేపదే వచ్చే గళ్లు ఆ పటంలో మధ్యబిందువు చుట్టూ కొన్ని వెలుగు చుక్కలుగా బయటపడతాయి. ఆ చుక్కల మీద నల్లగా పూసి తిరిగి ఫోటోగా మారిస్తే గళ్లు పోయి ముఖం నిలుస్తుంది. గింప్‌కు, ఫోటోషాప్‌కు ఈ పని చేసే ప్లగిన్లున్నాయి. మధ్యబిందువును మాత్రం ముట్టుకోకూడదు. ఫోటో మొత్తం వెలుగు అందులోనే ఉంటుంది.

నేతగాళ్ల నమూనాను వాడుకునేటప్పుడు మర్చిపోకూడని బాధ్యత ఒకటుంది. భౌగోళిక గుర్తింపున్న గుడ్డ డిజైన్‌ను మిల్లుగుడ్డ మీద అచ్చేసి అసలు పేరుతో అమ్మడం నేతన్న కడుపు కొట్టడమే. సొంత పెళ్లి ఆల్బమ్ వెనక పొరగా వేసుకోవడం దాని కిందికి రాదు గానీ, ఆ నమూనాల్ని కట్టగా చేసి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టేముందు ఆ నేతగాళ్లను అడగాలి, వచ్చినదాంట్లో వాళ్లకు వాటా ఇవ్వాలి. ఆల్బమ్ చివరి షీటు మీద ఫోటోగ్రాఫర్ పేరు, స్టూడియో ఫోన్ నంబరు ఎలాగూ వేస్తారు. ఆ కిందే ఇంకొక వరుసకు చోటుంటుంది: ‘నేపథ్య అల్లిక: తేలియా రుమాల్, పుట్టపాక.’ నేసిన మనిషి పేరు తెలిస్తే, ఆ మనిషి ఒప్పుకుంటే, ఊరి పేరు ముందు అది కూడా రాయండి.